బూజును వాసన పట్టే మనిషి

పోయిన శనివారం పొద్దున ఐర్లండులో మేముండే బాలింకాలిగ్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఆమె చనిపోయిందని వార్త వచ్చింది. పక్షవాతం వచ్చి నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉందట. మధ్యాహ్నానికల్లా గ్రూపు నిండా జోడించిన చేతులే. "గొప్ప మనిషి" అన్నారు కొందరు. "మాట కటువు, మనసు వెన్న" అని ఒకావిడ రాసింది. ఆ రాసినావిడే మూడేళ్ల కిందట మా వంటింట్లో నిలబడి, "ఆ మనిషిని ఇంకోసారి మా గడప తొక్కనిస్తే నన్ను చెప్పుతో కొట్టు" అన్నది. నేను చేతులు జోడించలేదు. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. ఆమె గురించి నాకు తెలిసిన మంచి చాలా తక్కువ. తెలిసింది తెలిసినట్టు చెబుతాను.

పొట్టి మనిషి, ఎండిన మనిషి. అరవై దాటినా జుట్టుకి రంగు వేసేది కాదు. ఏ కాలమైనా ముదురు నీలం కోటు ఒకటే. ఎవరింటికి వెళ్లినా ఆ కోటు విప్పేది కాదు, కుర్చీలో వెనక్కి ఆనేది కాదు, పెట్టింది తినేది కాదు. సంచిలోంచి ఫ్లాస్కు తీసుకుని తను తెచ్చుకున్న వేడినీళ్లు తాగేది. మాట్లాడుతున్నప్పుడు మన కళ్లలోకి చూసేది కాదు. గొంతు కింద, రెండు ఎముకలు కలిసే గుంట దగ్గర చూపు నిలిపేది. ఆడవాళ్లకి అది ఎంత ఇబ్బందో చెప్పక్కర్లేదు. శ్వాస తీసుకుంటే ఆ గుంట ఎంత లోపలికి పోతోందో చూస్తోందని నాకు చాలా కాలానికి గానీ అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా ఇబ్బంది తగ్గలేదు.

ఆరేళ్ల కిందట కార్క్ హార్బర్ పక్కన ఇంజెక్షన్ మందులు తయారుచేసే ఫ్యాక్టరీలో, ల్యాబులో చేరినప్పుడు ఆమె నాకు పై అధికారి. మొదటిరోజు ఊరు అడిగింది. "మిర్యాలగూడ, మేడమ్" అన్నాను.

"నల్గొండ జిల్లానా? పళ్లు చూపించు."

పరాచికం అనుకుని నవ్వాను. ఆమె నవ్వలేదు. వంగి, నా పళ్లు నిజంగానే చూసింది.

"ఫ్లోరైడు మచ్చలు లేవే. అదృష్టవంతురాలివి. ఇంకోటి విను. వచ్చిండు, పోయిండు అని నాతో మాట్లాడకు. నాకు తెలియదు ఆ భాష. ఇంగ్లీషులో చెప్పు."

ఆమెది తెనాలి. తన మాటే తెలుగనీ, మిగతావన్నీ తెలుగుకు పట్టిన జబ్బులనీ ఆమె నమ్మకం. ఆ రోజు సాయంత్రం ఇంటికెళ్లి మా ఆయనకి చెబితే, "పాపం ముసల్ది, ఎవరూ లేరేమో" అన్నాడు. ఆయన అందరి గురించీ అలాగే అనేవాడు.

మా పని చెప్పాలి. మందు నింపే గదుల్లో గాలి శుభ్రంగా ఉందో లేదో చూడటానికి అక్కడక్కడా గాజు పళ్లేల్లాంటివి తెరిచి పెడతాం. తర్వాత వాటిని వెచ్చటి పెట్టెలో ఉంచి, ఏం మొలిచిందో చూస్తాం. ఒక్క బూజు చుక్క కనబడితే లైను ఆగిపోతుంది. మేనేజర్లు పరిగెత్తుకొస్తారు. అలాంటి రోజుల్లో ఆమె మొహంలో కసిగా ఒక సంతోషం కనిపించేది. పళ్లెం వెలుతురుకి ఎత్తి పట్టుకుని నాకు చూపించేది.

"చూశావా. సీసాలో ఒక్క గింజ పడుతుందేమోనన్న భయానికి ఇంత ఫ్యాక్టరీ ఆపేస్తారు. మనిషి ఊపిరితిత్తిలో పిడికిలంత పెరిగినా ఒక్కడూ ఆగి చూడడు."

ఈ మాట తెలుగులోనో ఇంగ్లీషులోనో వారానికి ఒకసారైనా అనేది. వినీ వినీ మా ఐరిష్ సహోద్యోగి డోనల్ ఆమె నోరు తెరవగానే వెనకనుంచి ఇంగ్లీషులో పెదవులు కదిపి అనుకరించేవాడు. మేం నవ్వు ఆపుకోలేక చచ్చేవాళ్లం.

ఇళ్లలో ఆమె చేసిన ఆగడాలకి లెక్కలేదు. బాలింకాలిగ్‌లో ఒకరు కొత్తగా ఇల్లు అద్దెకు తీసుకుని సత్యనారాయణ వ్రతం చేసుకుంటే వచ్చింది. కథ జరుగుతుండగానే లేచి, సంచిలోంచి చిన్న టార్చి తీసి, బీరువా వెనక వెలుగు వేసి చూసింది. వంటింట్లో సింకు కింద అల్మారా తలుపు తెరిచి లోపలికి తల పెట్టి, కుక్క వాసన చూసినట్టు చూసింది. హారతి అందుకునేవాళ్లందరికీ వినబడేలా, "ఈ గోడ లోపల కుళ్లిపోయింది. పైన రంగేసి మీకు అంటగట్టాడు. మీ పిల్లకి ఉబ్బసం కదూ?" అంది. ఆ ఇల్లాలు ప్రసాదం గిన్నె పట్టుకుని ఏడ్చింది. ఇల్లు దొరకడమే గగనమైన దేశం ఇది. దొరికిన ఇంటిని నలుగురిలో అలా అంటే ఎవరికి మాత్రం ఏడుపు రాదు?

ఆమె చెప్పింది ప్రతిసారీ నిజమయ్యేదా అంటే, అదీ కాదు. ఇంకో జంటకి ఆర్నెల్ల పాప. దగ్గుతోందని తెలిసి వెళ్లి, బూజే కారణమని గట్టిగా చెప్పి హడలగొట్టింది. వాళ్లు లీజు మధ్యలో వదిలేసి, సామాన్లు స్నేహితుల ఇళ్లలో పడేసి, నెల రోజులు చిన్న గదిలో గడిపారు. చివరికి చూస్తే మామూలు జలుబు. ఆ అబ్బాయి వచ్చి నిలదీస్తే, "నా అనుమానం తప్పయితే సంతోషించు. నాకేమైనా దండ వెయ్యమంటున్నానా?" అంది. క్షమించమన్న మాట ఆ నోట ఎవరూ వినలేదు.

డోనల్ వాళ్ల నాన్న పోయినప్పుడు జరిగింది మాత్రం నేను కళ్లారా చూశాను.

ఇక్కడ తోటి ఉద్యోగి ఇంట్లో చావు జరిగితే సగం ఆఫీసు వెళ్తుంది. శవపేటిక తెరిచి ఉంటుంది. ఇంటివాళ్లు వరసగా నిలబడతారు. వచ్చినవాళ్లు ఒక్కొక్కరూ చెయ్యి కలిపి, మీ కష్టానికి బాధపడుతున్నాం అని ఒక్క మాట అని, ముందుకు జరిగిపోవాలి. అంతే మర్యాద. మక్రూమ్ అనే ఊరు దాటాక ఒక చిన్న పల్లెలో వాళ్ల ఇల్లు. నాకు కారు నడపడం రాదు గనక ఆమె కారులో వెళ్లాను. అదే నేను చేసిన తప్పు.

వరసలో నా ముందు ఆమె. డోనల్ చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"ఏం రాశారు?" అంది ఇంగ్లీషులో.

"ఏమిటి?"

"కాగితం మీద. ఏ జబ్బుతో పోయాడని రాశారు?"

డోనల్ తెల్లబోయాడు. "న్యుమోనియా. ఆయన ఊపిరితిత్తులు ఎప్పటినుంచో బాగోలేవు. గడ్డి, దుమ్ము... రైతు కదా."

"రక్తం పడేదా దగ్గితే? ఎన్నాళ్లు?"

"రెండేళ్లు" అన్నాడు, అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పడం తప్ప ఏం చెయ్యాలో తెలియక.

"బూజు ఉందేమోనని పరీక్ష చేశారా? ఒక్కరైనా?"

పక్కన నిలబడ్డ డోనల్ అక్క, "ఈవిడని బయటికి తీసుకెళ్లండి" అంది. గట్టిగా కూడా అనలేదు. ఎవరో పెద్దమనిషి వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. పేటికలో పడుకున్న ముసలాయన వైపే ఇంకా చూస్తూ ఆమె నడిచింది. తర్వాతి వంతు నాది. డోనల్ చేతిలో చెయ్యి పెట్టాను. చూపు దించుకుని ముందుకు జరిగిపోయాను.

కారెక్కగానే అడిగాను. అప్పటికి ఆమె భాషా నియమం సంగతి మర్చిపోయాను.

"శవం ముంగట గట్ల అడుగుతరా మేడమ్ ఎవరన్న? ఇజ్జత్ ఉండాలె మనిషికి."

"శవం ముందు కాక ఇంకెప్పుడు అడగను? రేపు పూడ్చిపెడతారు. దాంతో ఆ సంగతీ పూడుకుపోతుంది. రెండేళ్లు రక్తం కక్కాడు, రెండేళ్లూ యాంటీబయాటిక్సే మింగించారు. న్యుమోనియా అనేది రోగం పేరు కాదమ్మాయ్, రాసేవాళ్ల బద్ధకం పేరు. ఈ దేశంలో బూజుతో ఎంతమంది పోయారో అడుగు. ఎవడూ చెప్పలేడు. మన దేశంలోనూ చెప్పలేడు. లెక్కలోకి రాని చావుకి మందు ఎవడు వెతుకుతాడు?"

నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. నేను అడక్కుండానే తన అక్క సంగతి అప్పుడే చెప్పింది, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. అక్క తెనాలిలో పంతులమ్మ. చిన్న వయసులో టీబీ వచ్చి నయమైంది. నయమైనా ఊపిరితిత్తిలో గుంట మిగిలింది. ఆ గుంటలో బూజు చేరింది. దగ్గూ రక్తమూ చూసి మళ్లీ టీబీయే అన్నారు. పరీక్షలో టీబీ కనబడకపోయినా మూడుసార్లు ఆ మందులే ఇచ్చారు. పోయాక కూడా టీబీ అనే రాశారు.

"ఆ ఒక్క మాటతో దాని కూతురికి రెండు సంబంధాలు తప్పిపోయాయి" అంది.

ఇది విన్నవాళ్లు జాలిపడాలి. నేనూ ఆ పూట పడ్డాను. కానీ ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. టీబీ అన్న మాట మనుషుల్ని ఏం చేస్తుందో ఆమెకి తెలుసు. నాకంటే, మీకంటే బాగా తెలుసు. తెలిసే ఆ తర్వాతి పని చేసింది.

మా ఆయనకి వరంగల్లులో బీటెక్ చదివేటప్పుడు టీబీ వచ్చింది. ఆర్నెల్లు మందులు వాడితే పోయింది. ఆ సంగతి మా అత్తకి, నాకు తప్ప ఎవరికీ తెలియదు. మా పాపకి కూడా చెప్పలేదు. ఇక్కడికొచ్చాక దగ్గు మొదలై జీపీ, అంటే మా పేటలో మామూలుగా చూసే డాక్టరు, దగ్గరికి వెళ్తే, పాత జబ్బులేమైనా ఉన్నాయా అని అతను అడిగాడు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుని లేవన్నాం. ఉద్యోగానికి, వీసాకి ఏమైనా అడ్డమొస్తుందేమోనని భయం. "చెస్ట్ ఇన్ఫెక్షన్, యూ విల్ బి గ్రాండ్" అని, అంటే బాగైపోతావని, డాక్టరు మందులు రాశాడు. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. మళ్లీ వెళ్తే మళ్లీ గ్రాండ్. ఎక్స్‌రేకి రాసిస్తే మా ఆయన ఆఫీసులో పని ఉందని వెళ్లలేదు. ఆ ఏడాది ఆయన చొక్కాలన్నీ వదులయ్యాయి. రోజూ నడుస్తున్నాడు కదా, అందుకే సన్నబడ్డాడనుకున్నాం.

ఉగాదికి కమ్యూనిటీ హాల్లో అందరం కలిశాం. పులిహోర కోసం వరసలో నిలబడ్డాం. మా ఆయన కాగితం పళ్లెం పట్టుకుని, పక్కకి తిరిగి మోచేతిలోకి దగ్గాడు. ఆమె ఎక్కడినుంచి చూసిందో, వచ్చి ఎదురుగా నిలబడింది. గొంతు కింద గుంట వైపు చూసింది.

"నీకు టీబీ వచ్చిందా ఎప్పుడైనా?"

వరసలో ముందున్నవాళ్లు వెనక్కి తిరిగి చూశారు.

"లేదండి" అన్నాడు మా ఆయన.

"అబద్ధం. ఇది కొత్త దగ్గు కాదు, పాత గుంటలో బూజు పట్టిన దగ్గు. రక్తం పడుతోందా?"

మా వెనకున్నావిడ తన కొడుకు భుజం పట్టుకుని వెనక్కి లాక్కుంది. ఆ లాగడం నేను చూశాను, మా ఆయనా చూశాడు. ఆయన పళ్లెం మెల్లగా బల్ల మీద పెట్టేశాడు.

"మీకేం పని ఆంటీ!" అని అరిచాను. "మా ఆయన మీకు మనిషి లెక్క కనబడ్తలేడా? మీ ల్యాబుల ప్లేటా?"

"అరవకు. జవాబు చెప్పు."

పాపని తీసుకుని బయటికొచ్చేశాం. కారులో మా ఆయన ఒక్క మాట అన్నాడు, "ఆమెకెట్ల ఎర్కైందే?" అని. ఆ ప్రశ్న దగ్గరే నేను ఆగి ఉండాల్సింది. కానీ నాకు అప్పుడు కోపం తప్ప ఏమీ లేదు.

ఆ వారం నుంచి మా పాపని స్నేహితురాళ్లు ఇళ్లకి పిలవడం మానేశారు. "దే ఆర్ ఆల్ బిజీ, మమ్మీ" అని పాప చెప్పేది, నన్ను ఊరుకోబెట్టడానికి. మా ఆయనతో కలిసి ఒకే కారులో ఆఫీసుకెళ్లే కుర్రాడు ఇకనుంచి బస్సులో వెళ్తానన్నాడు. అది చాలదన్నట్టు ల్యాబులో డోనల్ వింటుండగా ఆమె ఇంగ్లీషులో మళ్లీ అడిగింది, "రక్తం పడుతోందా? చెప్పవేం?" అని. నేను ఆ రోజే ఫిర్యాదు రాసి ఇచ్చాను. డోనల్ సాక్షి సంతకం పెట్టాడు. ఆఫీసువాళ్లు మా ఇద్దర్నీ కూర్చోబెట్టి, పని విషయాలు తప్ప నాతో ఇంకేమీ మాట్లాడకూడదని ఆమెకి కాగితం ఇచ్చారు. ఆమె వాదించలేదు. "సంతకం ఎక్కడ?" అని అడిగి పెట్టేసింది. నాకు కడుపు చల్లబడింది.

ఆదివారం మధ్యాహ్నం తలుపు చప్పుడైతే తీశాను. ఆమే. కోటు మీద వాన చినుకులు. కాగితానికి కట్టుబడి నోరు తెరవలేదు. మడతపెట్టిన చీటీ ఒకటి చాపింది. విప్పి చూశాను. ఒక రక్తపరీక్ష పేరు, ఒక స్కాను పేరు. కింద తెలుగులో, "పాత టీబీ సంగతి డాక్టరుకి చెప్పండి. దాచవద్దు."

ఆమె చూస్తుండగానే ఆ చీటీని నాలుగు ముక్కలు చేశాను. గుమ్మం పక్కనున్న బిన్ను మూత ఎత్తి అందులో పడేశాను. ఆమె చివరిదాకా చూసి, వెనక్కి తిరిగి గేటు తీసుకుని వెళ్లిపోయింది.

"ఎవరొచ్చిన్రు?" అని మా ఆయన లోపలి నుంచి అడిగాడు.

"ఎవరూ లేరు" అన్నాను.

నవంబరులో ఒక పొద్దున బాత్రూమ్ సింకు నిండా రక్తం. అంబులెన్సులో తీసుకెళ్లారు. ఊపిరితిత్తుల పెద్ద డాక్టరు, నడివయసు ఆవిడ, మంచం అంచున కూర్చుని మెల్లగా అడిగింది, టీబీ ఎప్పుడైనా వచ్చిందా అని. మా ఆయన నా వైపు చూడకుండా, వచ్చింది అన్నాడు. ఆవిడ నర్సుకి రెండు పరీక్షల పేర్లు చెప్పింది. ఆ రెండు పేర్లూ నేను అంతకుముందు ఒక్కసారే చదివాను. అయినా మర్చిపోలేదు.

బూజు ఉండలా పెరిగిందని స్కానులో చూపించారు. మాత్రలు మొదలుపెట్టారు. కొన్నాళ్లు కాస్త తేరుకున్నాడు. క్రిస్మస్ సెలవుల్లో పాపతో కూర్చుని పేకాడాడు. జనవరిలో మళ్లీ రక్తం, దాని మీద జ్వరం. ఒక మంగళవారం మధ్యాహ్నం పోయాడు. ఇద్దరం కలిసి కొనుక్కున్న సామాన్లతోనే ఇల్లు నిండుగా ఉంది. ఆ ఇంట్లోకి నేనూ పాపా తిరిగొచ్చాం. అంతకుమించి ఆ రోజుల గురించి రాయలేను.

ఆసుపత్రిలో ఒక చిన్న డాక్టరు నింపిన కాగితం చేతికిచ్చారు. అది రిజిస్ట్రార్ దగ్గరికి తీసుకెళ్తే చావు నమోదు చేస్తారు. చనిపోవడానికి కారణం అన్నచోట ఒకటే మాట, న్యుమోనియా.

మళ్లీ పనిలోకి వెళ్లిన రోజు గౌన్లు తొడుక్కునే గది బయట ఆమె ఎదురుపడింది. ఆగింది. నోరు తెరిచి, మూసుకుంది. గోడవైపు జరిగి నాకు దారి ఇచ్చింది. అందరూ నన్ను కావలించుకుని ఏదో ఒకటి అన్నారు. ఒక్క ఆమె ఏమీ అనలేదు. అనకుండా చేసింది నేనే.

వారం ఓపిక పట్టాను. తర్వాత సాయంత్రం కారు పార్కులో ఆమె కారు దగ్గర నిలబడ్డాను.

"మాట్లాడాలె మీతోని."

"పని విషయాలు తప్ప మాట్లాడనని సంతకం పెట్టాను."

"నేనే అడుగుతున్న గద."

తాళాలు చేతిలో పట్టుకుని నిలబడింది. నేను అడగడానికి వచ్చింది ఆసుపత్రి ఇచ్చిన చావు కాగితం గురించి. నోట్లోంచి వచ్చింది వేరు.

"ఆ చీటీ చింపకపోతే బతుకుతుండెనా?"

అంతకుముందు ఈ ప్రశ్న పెద్ద డాక్టరుని అడిగాను. మిమ్మల్ని మీరు నిందించుకోకండి అంది. మా అత్తని ఫోన్‌లో అడిగాను. రాసిపెట్టి ఉంది బిడ్డా అంది. ఇప్పుడు ఈమెని అడిగాను.

"బతికేవాడు" అంది. కొంచెం ఆగి, "నూటికి నూరుపాళ్లని చెప్పను. కానీ ఎనిమిది నెలల ముందు మొదలుపెడితే మందు పనిచేసే మనిషే" అంది.

ఎవరైనా అలా చెబుతారా? భర్త పోయి నెల కాని మనిషికి? ఎదురుగా నిలబడి, గొంతు మార్చకుండా? ఆ క్షణాన చెయ్యెత్తి కొట్టి ఉందును. కొట్టలేదు. మిగిలినవాళ్లందరూ నాకు అబద్ధం చెప్పారని నాకు తెలుసు.

"ఏం రాశారు?" అని అడిగింది.

చెప్పాను.

"అది రిజిస్టర్ చెయ్యకు. ఆ పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లు. పరీక్షల కాగితాలు ముందు పెట్టి, దీని పేరు ఇక్కడ రాయండి అని అడుగు. ఏడవకు. ఏడిస్తే ఓదారుస్తారు, రాయరు."

ఏడవకుండా అడిగాను. డాక్టరు ఆ కాగితం చదివింది. తను చూసుకోవాల్సిందని, క్షమించమని అంది. కొత్త కాగితం తీసుకుని, బూజు జబ్బు పూర్తి పేరు తన చేత్తో రాసింది. న్యుమోనియా పైన ఉంది. దానికి మూలం ఏమిటో కింద ఉంది.

రిజిస్ట్రార్ ఆఫీసు కార్క్ నగరంలో. తీసుకెళ్లమని నేను అడగలేదు. సెలవు పెట్టానని, కారు తెస్తున్నానని గురువారం పొద్దున ఆమే గ్రూపులో నా నంబరు చూసుకుని మెసేజ్ పెట్టింది, అంతే. వేరే ఎవరినైనా అడగొచ్చు. అడగడానికి ఎవరూ మిగల్లేదు.

కౌంటరు వెనక ఉన్నామె మంచిది. నిదానంగా టైపు చేసింది. కారణం దగ్గరికొచ్చేసరికి ఆగి, "ఈ మాట నాకు కొత్త. ఒక్కో అక్షరం చెబుతారా?" అంది. చెప్పాను. ఆ పొడుగు మాటని ఎ నుంచి చివరి అక్షరం దాకా, మా ఆయన పేరు పక్కన పడేదాకా, ఒక్కొక్కటే చెప్పాను. కౌంటరావిడ అచ్చు తీసి ఇచ్చింది. తప్పుల్లేవు.

కారులో కూర్చున్నాక ఆమె కాగితం కోసం చెయ్యి చాపింది. ఇచ్చాను. కళ్లద్దాలు పైకి నెట్టుకుని చదివింది. వెనక్కి ఇచ్చి కారు నడిపింది. క్యారిగ్రోహేన్ దగ్గర నది పక్కన తిన్నటి పొడుగు రోడ్డు ఎక్కింది. నేను కాగితాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పెళ్లినాటి నుంచి ఎన్నో కాగితాల మీద మా ఇద్దరి పేర్లు పక్కపక్కన చూశాను. దీని మీద కూడా చనిపోయినవాడి పేరూ, చావు సంగతి చెప్పడానికి వచ్చిన భార్య పేరూ ఉన్నాయి.

ఊరి మొదట రౌండబౌట్ వస్తుండగా ఆమె అంది, తనలో తను అన్నట్టు, కానీ నాకు వినబడేలా.

"ఒకటి."

"ఏంది?"

"ఒకటి రాశారు. ఇన్నాళ్లకి ఒకటి."

మా ఆయన. నలభై ఒక్కేళ్ల మనిషి. పాపకి జడ వెయ్యడం నేర్చుకున్న మనిషి, ఎవర్ని తిట్టినా పాపం అనే మనిషి. ఒకటి.

"కారాపుండ్రి" అన్నాను.

"వాన పడుతోంది."

"ఆపుమన్న గద!"

ఆపింది. దిగి, తలుపు విసిరేశాను. ఇంటికి ఇంకా మైలు పైనే ఉంది. కాగితం తడవకుండా స్వెటర్ లోపల పెట్టుకుని ఫుట్‌పాత్ మీద నడవడం మొదలుపెట్టాను. ఏడ్చాను కూడా, అన్నాళ్లకి మొదటిసారి, గట్టిగా, రోడ్డు మీద. పక్కన టైర్ల కింద నీళ్ల చప్పుడు ఎంతసేపటికీ తగ్గకపోతే చూశాను. ఆమె కారు. నాలుగు వైపులా లైట్లు వెలిగి ఆరుతూ ఉండేలా పెట్టుకుని, నా నడకతో సమానంగా నడిపిస్తోంది. వెనక కార్లన్నీ ఆగి హారన్లు కొడుతున్నాయి. ఒకడు పక్కనుంచి దాటుకుపోతూ అద్దం దించి తిట్టాడు. ఆమె అద్దం దించలేదు, ఎక్కమని పిలవలేదు. నేనూ మళ్లీ అటు తిరగలేదు. మా కాలనీ మలుపు దాకా అలాగే వచ్చాం. అక్కడ నేను లోపలికి తిరిగాను. ఆమె వేగం పెంచుకుని నేరుగా వెళ్లిపోయింది.